ప్లాస్మా ఎప్పుడు ఎక్కించాలి, ఎప్పుడు అక్కర్లేదు: పాఠకుల ప్రశ్నలు, వైద్యుల జవాబులు

వానలు మొదలైన దగ్గర్నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ప్లాస్మా గురించి అడిగినవే ఎక్కువ. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం. రక్తంలోంచి కణాలన్నీ తీసేస్తే మిగిలే పసుపుపచ్చని ద్రవమే ప్లాస్మా. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లు, అంటే ‘ఫ్యాక్టర్లు’, ఉండేది అందులోనే. దాత నుంచి రక్తం తీసిన 6–8 గంటల్లోపు ప్లాస్మాను వేరుచేసి మైనస్ 30 డిగ్రీల చలిలో పెడితే ఏడాది దాకా పనికొస్తుంది. చీటీ మీద డాక్టర్లు రాసే ఎఫ్‌ఎఫ్‌పీ (ఫ్రెష్ ఫ్రోజెన్ ప్లాస్మా) ఇదే. రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష అంకె ఐఎన్‌ఆర్, అది పెరిగితే ఆలస్యం పెరిగినట్టు.

ప్రశ్న: మా నాయినకు 62 ఏండ్లు, బరువు 60 కిలోలు. లివర్ చెడిపోయి పొట్టలో నీళ్లు చేరినయి. సూదితో నీళ్లు తీయాలంటే ఐఎన్‌ఆర్ 1.7 ఉంది కాబట్టి ముందు రెండు ప్లాస్మా ఎక్కించాలని ఒక డాక్టరు గారు అన్నరు. ఇంకో డాక్టరు గారు అక్కర్లేదన్నరు. ఎవరి మాట వినాలె?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి రెండో డాక్టరు మాటే సరైనది. ఎందుకో లెక్క వేసి చూద్దాం. 60 కిలోల మనిషి ఒంట్లో ప్లాస్మా కిలోకు 40 మి.లీ. చొప్పున దాదాపు 2,400 మి.లీ. ఉంటుంది. ఐఎన్‌ఆర్ 1.7 దగ్గర ఫ్యాక్టర్లు సుమారు 40 శాతం ఉన్నాయనుకుందాం. రెండు బ్యాగులంటే 400 మి.లీ. అది కలిశాక ఫ్యాక్టర్లు 48, 49 శాతానికి చేరతాయి, అంతే. ఐఎన్‌ఆర్ 1.7 కాస్తా 1.6 అవుతుంది. అసలు దాత ప్లాస్మా ఐఎన్‌ఆరే 1.1 చుట్టూ ఉంటుంది కాబట్టి ఎన్ని బ్యాగులు పోసినా 1.5 కిందికి దింపడం కష్టం. అదే ఫ్యాక్టర్లు 10 శాతానికి పడిపోయిన రోగికైతే ఆ రెండు బ్యాగులే వాటిని 23 శాతానికి తెస్తాయి. అంటే బాగా పడిపోయిన చోట ప్లాస్మా పనిచేస్తుంది, కొంచెం తగ్గిన చోట కాగితం మీద అంకె కూడా పెద్దగా కదలదు. రక్తం మామూలుగా గడ్డకట్టడానికి ఫ్యాక్టర్లు 30 శాతం ఉంటే చాలు. మీ నాయిన గారికి అంతకన్నా ఎక్కువే ఉన్నాయి.

ఇంకో సంగతి. లివర్ చెడినప్పుడు గడ్డకట్టించే ప్రొటీన్లతో పాటు గడ్డకట్టకుండా ఆపే ప్రొటీన్ సి లాంటివీ తగ్గిపోతాయి. రెండూ తగ్గడంతో తూకం చాలావరకు సరిపోతుంది. ఐఎన్‌ఆర్ పరీక్ష ఒక వైపునే కొలుస్తుంది. అందుకే లివర్ రోగిలో 1.7ను చూసి ‘రక్తం కారుతుంది’ అనడం కుదరదు. పైగా రెండు మూడు వందల మి.లీ. చొప్పున ద్రవం ఎక్కిస్తుంటే కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది, అన్నవాహికలో ఉబ్బిన నరాలు చిట్లే ప్రమాదం ఉంటుంది. ఆ నరాలు చిట్లి రక్తవాంతులు అవుతున్నప్పుడు కూడా ఐఎన్‌ఆర్ సరిచేయడానికి ప్లాస్మా ఇవ్వొద్దనే 2022లో వెలువడిన బవేనో-7 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

పొట్టలో నీళ్లు తీయడానికి ప్లాస్మా అవసరం లేదు. 5 లీటర్లకు మించి తీస్తే మాత్రం ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మందు కావాలి. తీసిన ప్రతి లీటరుకు 6–8 గ్రాములు. 20 శాతం ఆల్బుమిన్ 100 మి.లీ. సీసాలో 20 గ్రాములు ఉంటుంది కాబట్టి 6 లీటర్లు తీస్తే రెండు మూడు సీసాలు పడతాయి. ఆల్బుమిన్ ఖరీదని దాని బదులు ప్లాస్మా ఎక్కించడం కొన్నిచోట్ల ఉంది. అది సరికాదు. కామెర్లు కూడా ఉంటే విటమిన్-కె 10 మి.గ్రా. మూడు రోజులు ఇచ్చి చూడమని అడగండి. పిత్తం పేగుల్లోకి దిగక విటమిన్-కె ఒంటికి పట్టని వాళ్లలో ఒక్క దానితోనే ఐఎన్‌ఆర్ దిగొస్తుంది.

ప్రశ్న: మా అత్తమ్మది ఓ పాజిటివ్. బ్లడ్ బ్యాంకులో ‘ఏ’ గ్రూపు ప్లాస్మా ఇచ్చిండ్రు. తప్పు గ్రూపు ఇచ్చిండ్రేమో అని భయం. అదీగాక గంట సేపు కూర్చోబెట్టిండ్రు. ఒక బ్యాగు ఆకుపచ్చగ ఉండె.
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: తప్పేం లేదు. ప్లాస్మా లెక్క ఎర్రరక్తం లెక్కకు తిరగబడి ఉంటుంది. ‘ఓ’ గ్రూపు రోగికి నాలుగు గ్రూపుల్లో ఎవరి ప్లాస్మా అయినా సరిపోతుంది. ‘ఏ’ గ్రూపు వాళ్లకు ‘ఏ’ లేదా ఏబీ, బీ గ్రూపు వాళ్లకు బీ లేదా ఏబీ, ఏబీ వాళ్లకు ఏబీ మాత్రమే. ఎర్రరక్తానికి ఓ నెగటివ్ అందరికీ పనికొచ్చినట్టు ప్లాస్మాకు ఏబీ అందరికీ పనికొస్తుంది. పాజిటివ్, నెగటివ్ పట్టింపు ఇక్కడ దాదాపు లేదు. దాత, రోగి రక్తాలు కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష కూడా అక్కర్లేదు.

కూర్చోబెట్టింది కరిగించడానికి. మైనస్ 30 నుంచి తీసిన బ్యాగు గాజులా పెళుసుగా ఉంటుంది, చేయి జారితే పగులుతుంది. దాన్ని ఇంకో కవర్లో పెట్టి 30–37 డిగ్రీల నీళ్ల తొట్టిలో 20–30 నిమిషాలు కరిగిస్తారు. కవరు లేకపోతే తొట్టి నీళ్లు మూతుల దగ్గర చేరి క్రిములు లోపలికి పోవచ్చు. ‘అర్జెంటు, వేడినీళ్లలో వెయ్యండి’ అని సిబ్బంది మీద ఒత్తిడి తేకండి. 37 దాటితే ఫ్యాక్టర్లు చెడిపోతాయి. నాలుగు బ్యాగులు ఒకేసారి పట్టని చిన్న తొట్టి అయితే గంట పట్టడం మామూలే.

ఆకుపచ్చ గురించి: గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలు దానం చేసిన ప్లాస్మాలో సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్ పెరిగి ఆ రంగు వస్తుంది. వాడుకోవచ్చు. నూనె వంటకాలు తిని వచ్చి దానం చేస్తే పాలలా మబ్బుగా ఉంటుంది. ఎర్రగా ఉన్నా, లోపల దారపు పోగుల్లాంటివి తేలుతున్నా, బ్యాగు నొక్కితే కారుతున్నా తిప్పి పంపాలి. కరిగించినదాన్ని మళ్లీ మైనస్ చలిలో పెట్టి గట్టిపరచకూడదు. రక్తనిధి ఫ్రిజ్‌లో 2–6 డిగ్రీల్లో ఉంచితే 24 గంటల్లోపు వాడాలి. వార్డు ఫ్రిజ్‌లో మందుల పక్కన పెట్టడం ఎప్పుడూ వద్దు. బ్యాగుల సంఖ్య కన్నా లేబుల్ మీది మి.లీ. చూడండి. 450 మి.లీ. రక్తం తీసిన బ్యాగులోంచి 200–250 మి.లీ. వస్తే, 350 మి.లీ. బ్యాగులోంచి 150 చిల్లరే వస్తుంది.

ప్రశ్న: పత్తి చేన్ల మా అన్నను పింజర కరిచింది. మొదటి దవాఖానల రక్తం గడ్డకట్టడం లేదని ప్లాస్మా పెట్టిండ్రు. ఆరు గంటలైనా చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. వరంగల్ తీసుకపోయినంక పాము మందు ఇస్తే ఆగింది. ప్లాస్మా ఎందుకు పనిచేయలేదు?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: ముందు పాము మందు పడాలి, అది పడలేదు. రక్తపింజర విషం ఫ్యాక్టర్ 10ను, ఫ్యాక్టర్ 5ను రెచ్చగొడుతుంది. చిన్న పింజర విషం నేరుగా ప్రోత్రాంబిన్ మీద పడుతుంది. ఎటు నుంచి వచ్చినా ఫలితం ఒకటే. రక్తనాళాల్లో లెక్కలేనన్ని చిన్నచిన్న గడ్డలు కడుతూ కరుగుతూ గడ్డను కట్టే ఫైబ్రినోజన్ అనే ప్రొటీన్ అంతా ఖర్చయిపోతుంది, చివరికి గడ్డకట్టడానికి సరుకు ఉండదు. విషం ఒంట్లో తిరుగుతుండగా ప్లాస్మా పోయడం మండుతున్న పొయ్యిలో కట్టెలు పెట్టడమే. పోసిన ఫైబ్రినోజన్‌ను కూడా విషం తినేస్తుంది.

చేయాల్సిన పద్ధతి ఇది. కొత్త, శుభ్రమైన, పొడి గాజు నాళికలో 2 మి.లీ. తాజా రక్తం తీసి కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టాలి. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. నీళ్లలా జారితే విషం పనిచేస్తున్నట్టే. నాళిక ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగి మళ్లీ వాడినదైనా ఆరోగ్యవంతుడి రక్తం కూడా గడ్డకట్టదు. చాలా చోట్ల ఈ పరీక్ష తప్పేది ఇక్కడే. అనుమానముంటే వెంట వచ్చిన బంధువు రక్తాన్ని పక్కన ఇంకో నాళికలో పెట్టి పోల్చాలి. గడ్డకట్టకపోతే పాము మందు 10 సీసాలు సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కిస్తారు. పిల్లలకూ అంతే మోతాదు, ఎందుకంటే పాము పిల్లల్ని చూసి విషం తగ్గించదు. సీసాకు 6 మి.గ్రా. రక్తపింజర విషం విరుగుతుంది. పాము సగటున వదిలేది 63 మి.గ్రా. దాకా. పది సీసాల లెక్క అలా వచ్చింది. మందు ఒంటికి సరిపడని వాళ్లకు ఒక్కసారిగా రియాక్షన్ రావచ్చు కాబట్టి అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా ఉండాలి.

విషం విరిగాక కాలేయం కొత్త ఫ్యాక్టర్లు తయారుచేయడానికి దాదాపు 6 గంటలు పడుతుంది. అందుకే నాళిక పరీక్ష మళ్లీ ఆరు గంటలకు చేస్తారు. అప్పటికీ గడ్డకట్టకపోతే మరో 10 సీసాలు. మధ్యలో గంటగంటకూ పరీక్షించి కంగారుపడి ప్లాస్మా తెప్పించడం వల్ల లాభం లేదు. శ్రీలంకలో రక్తపింజర కాటు రోగుల మీద జరిపిన పరీక్షలో, పాము మందు తర్వాత ప్లాస్మా ఇచ్చినా రక్తం త్వరగా గడ్డకట్టే స్థితికి రాలేదు. అయితే మందు పడ్డాక కూడా తలలోనో పేగుల్లోనో రక్తం కారుతూనే ఉంటే, ఆపరేషన్ తప్పకపోతే అప్పుడు కిలోకు 10–15 మి.లీ. ప్లాస్మా, ఫైబ్రినోజన్ బాగా తగ్గితే క్రయో (ప్లాస్మా నుంచి తీసిన చిక్కటి ముద్ద) ఇస్తారు. నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది. వాటికి ప్లాస్మాతో పనే లేదు.

ప్రశ్న: మా మేనల్లునికి హీమోఫీలియా-ఏ. 20 కిలోలున్నడు. మోకాలు వాచింది. ఫ్యాక్టర్ దొరక్కుంటే ప్లాస్మా పెట్టొచ్చా?
– ములుగు

జవాబు: పెట్టొచ్చు గానీ అది ఆఖరి దారి. ఫ్యాక్టర్ 8 లోపించే జబ్బు హీమోఫీలియా-ఏ. కీలులో రక్తం చేరితే ఫ్యాక్టర్ 8ను 40 శాతానికి తేవాలి. కిలోకు ఒక యూనిట్ ఇస్తే 2 శాతం పెరుగుతుంది. కాబట్టి 20 కిలోల బాబుకు 400 యూనిట్లు కావాలి. ప్లాస్మాలో మి.లీ.కు ఒక యూనిట్ కూడా నికరంగా ఉండదు. 400 మి.లీ. పైగా పోయాలి, అంత పసివాడి గుండెకు అది భారం. అదే క్రయో అయితే ఐదు బ్యాగులు, మొత్తం వంద మి.లీ. లోపే. అన్నిటికన్నా 500 యూనిట్ల ఫ్యాక్టర్ సీసా మేలు. వాపు వచ్చాక వెతకడం కాకుండా, ఫ్యాక్టర్ ఇచ్చే దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఇప్పుడే పేరు రాయించి పెట్టుకోండి. హీమోఫీలియా-బీ వాళ్లకు క్రయో పనిచేయదు, అందులో ఫ్యాక్టర్ 9 ఉండదు.

ప్రశ్న: బాపుకు మైట్రల్ వాల్వ్ మార్చినరు, లోహపుది. రక్తం పలుచబడే గోలీ అసినోకౌమరాల్ వాడుతున్నరు. ఈసారి ఐఎన్‌ఆర్ 6.2 వచ్చింది. ఎక్కడా రక్తం కారుత లేదు. గోంగూర ఎక్కువ తిన్నడని మా అమ్మ అంటున్నది. ఊళ్లె ఆర్‌ఎంపీ ప్లాస్మా ఎక్కించుకొమ్మన్నడు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ప్లాస్మా వద్దు. రక్తం కారనప్పుడు 6.2కు చేయాల్సింది మీ గుండె డాక్టరుకు ఫోన్ చేసి ఒకటి రెండు మోతాదులు ఆపడం, 24–48 గంటల్లో మళ్లీ పరీక్ష చేయించడం. విటమిన్-కె పెద్ద మోతాదులో ఇవ్వడం కూడా లోహపు వాల్వ్ ఉన్నవాళ్లకు మంచిది కాదు. ఐఎన్‌ఆర్ ఒక్కసారిగా పడిపోయి వాల్వ్ మీద గడ్డ కట్టవచ్చు, తర్వాత వారాల తరబడి గోలీ పనిచేయక ఇబ్బంది అవుతుంది.

గోంగూర మీద నింద సరికాదు. ఆకుకూరల్లో విటమిన్-కె ఉంటుంది, అది ఐఎన్‌ఆర్‌ను తగ్గిస్తుంది గానీ పెంచదు. రోజూ తినే మనిషి ఉన్నట్టుండి మానేస్తే పెరుగుతుంది. ఈ పది రోజుల్లో ఏ గోలీలు కొత్తగా మింగారో చూడండి. విరేచనాలకు మెట్రోనిడజోల్, తామరకు ఫ్లుకోనజోల్, మూత్రంలో మంటకు కోట్రైమాక్సజోల్, ఈ మూడూ ఐఎన్‌ఆర్‌ను పెంచేవే. కీళ్ల నొప్పుల గోలీలు కడుపులో పుండు చేసి రక్తం కార్చే ముప్పు పెంచుతాయి.

తలకు దెబ్బ తగిలినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా, మాట తడబడినా మాత్రం లెక్క మారుతుంది. వెంటనే పెద్దాసుపత్రి. విటమిన్-కె సిరలోకి 20–30 నిమిషాలు నెమ్మదిగా ఇస్తారు, అది పనిచేయడానికి గంటలు పడుతుంది. ఆ లోపు ఆదుకునేది పీసీసీ అనే, ఫ్యాక్టర్లున్న పొడి మందు. కిలోకు 25–50 యూనిట్లు, కొద్ది మి.లీ.ల్లో నిమిషాల్లో అయిపోతుంది. అది లేకపోతేనే కిలోకు 15 మి.లీ. ప్లాస్మా. అపిక్సబాన్, రివరాక్సబాన్, డాబిగట్రాన్ వాడేవాళ్లకు, హెపారిన్ పడ్డవాళ్లకు ప్లాస్మా విరుగుడు కాదు.

ప్రశ్న: కాన్పు తర్వాత మా చెల్లెకు రక్తం ఆగక ప్లాస్మాతో పాటు పది క్రయో పెట్టిండ్రు. ఫైబ్రినోజన్ 110 అన్నరు. ప్లాస్మా చాలదా?
– మహబూబాబాద్

జవాబు: నిండు గర్భిణిలో ఫైబ్రినోజన్ డెసిలీటరుకు 400–600 మి.గ్రా. ఉంటుంది. కాన్పు రక్తస్రావంలో 200 కిందికి వచ్చిందంటే ప్రమాదం, 110 అంటే చాలా ప్రమాదం. ప్లాస్మా లీటరులో రెండు, రెండున్నర గ్రాముల ఫైబ్రినోజనే ఉంటుంది. పది క్రయో బ్యాగుల్లో అంతే సరుకు 200 మి.లీ.లోపే దొరుకుతుంది. ప్లాస్మాను ఫ్రిజ్ చలిలో నెమ్మదిగా కరిగిస్తే అడుగున పేరుకునే తెల్లటి ముద్దే క్రయో. కరిగించాక దాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, మళ్లీ ముద్ద కడుతుంది. వీటన్నిటికన్నా ముందు, కట్టిన గడ్డ కరగకుండా ఆపే ట్రనెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము, కాన్పయిన 3 గంటల్లోపు. 30 నిమిషాల తర్వాతా రక్తం కారుతుంటే ఇంకో గ్రాము. ఆలస్యమయ్యే కొద్దీ దాని బలం తగ్గుతుంది. రక్తం సంచులు ఎక్కువ ఎక్కితే, సంచిలో రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల కాల్షియం పడిపోతుంది. నోటి చుట్టూ తిమ్మిరి అంటే అదే.

ప్రశ్న: డెంగీలో ప్లేట్‌లెట్లు 40 వేలు. ప్లాస్మా కూడా పెట్టాలా?
– మంచిర్యాల

జవాబు: రక్తం కారకపోతే వద్దు. కోలుకునే దశలో నాళాల్లోంచి కారిపోయిన ద్రవం తిరిగి వస్తుంటుంది, అప్పుడు అదనంగా పోసిన ప్రతి మి.లీ. ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సును. ప్లాస్మా ఎంత వేగంగా పెట్టాలి? ఆయాసం వస్తే ఏం చూడాలి?
– జగిత్యాల

జవాబు: రక్తం ఎక్కించే ఫిల్టర్ సెట్టే వాడాలి, మామూలు సెలైన్ సెట్టు కాదు. అదే గొట్టంలో రింగర్ లాక్టేట్ నడపొద్దు. మొదటి 15 నిమిషాలు నెమ్మదిగా, మంచం పక్కనే ఉండి. ఆ తర్వాత పెద్దవాళ్లకు బ్యాగు అరగంటలో పోవచ్చు. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, బక్కచిక్కిన ముసలివాళ్లకు గంట, రెండు గంటలు. ఎలా చూసినా 4 గంటలు దాటొద్దు. ఉదయం ఆపరేషన్ అయితే రాత్రి ఎక్కించి పెట్టడం వృథా. ఫ్యాక్టర్ 7 సగానికి సగం 4–6 గంటల్లోనే పోతుంది. థియేటర్‌కు పోయే ముందే ఎక్కించి, అయిపోయాక మళ్లీ ఐఎన్‌ఆర్ పంపండి.

దద్దుర్లు, దురద మాత్రమే ఉంటే ఆపి, యాంటీహిస్టమిన్ ఇచ్చి, తగ్గాక డాక్టరు చెబితే కొనసాగించవచ్చు. ఆయాసం వస్తే బీపీ చూడండి. బీపీ పెరిగి మెడ నరాలు ఉబ్బితే ద్రవం ఎక్కువైనట్టు, కూర్చోబెట్టి ఆక్సిజన్, నీళ్లు దిగే మందు ఫ్రూసిమైడ్. బీపీ పడిపోయి జ్వరంతో 6 గంటల్లోపు ఊపిరి అందకపోతే అది ట్రాలీ. దాతలోని యాంటీబాడీలు రోగి ఊపిరితిత్తుల మీద దాడి చేయడం. దానికి నీళ్లు దిగే మందు కాదు, ఆక్సిజన్, అవసరమైతే వెంటిలేటర్. గర్భం దాల్చిన స్త్రీల ప్లాస్మాలో ఈ యాంటీబాడీలు ఎక్కువ కాబట్టి మగవాళ్లది వాడితే ప్రమాదం తగ్గుతుంది. ఏ రియాక్షనైనా బ్యాగు మూసి, గొట్టం మార్చి సెలైన్ నడపండి. చీటీ మీది పేరు, నంబరు మళ్లీ సరిచూడండి. మిగిలిన బ్యాగును సెట్టుతో సహా బ్లడ్ బ్యాంకుకు పంపండి. రక్తం ఎక్కించినప్పుడు వచ్చే రియాక్షన్లను నమోదుచేసే హీమోవిజిలెన్స్ కార్యక్రమం దేశంలో 2012 నుంచి ఉంది, ఆ ఫారం నింపడం మానొద్దు.

ప్రశ్న: నాలుగేండ్ల బాబు ఎలుకల కేకు కొరికిండు. తెల్లారి ఐఎన్‌ఆర్ మామూలుగా ఉందని ఇంటికి పంపిండ్రు. సరేనా?
– సిరిసిల్ల

జవాబు: బ్రోమాడియోలోన్ కేకు అయితే ఒక్క రోజు పరీక్ష చాలదు. ఉన్న ఫ్యాక్టర్లు అయిపోయేదాకా ఐఎన్‌ఆర్ మామూలుగానే కనిపిస్తుంది. 48, 72 గంటలకు మళ్లీ చేయించండి. ముందుజాగ్రత్తగా ప్లాస్మా గానీ విటమిన్-కె గానీ వద్దు, విటమిన్-కె ఇస్తే పరీక్ష ఏం చెబుతుందో తేలదు. పెరిగితే విటమిన్-కె వారాల పాటు, ఒక్కోసారి నెలల పాటు వాడాలి. రక్తం కారితేనే ప్లాస్మా. అది కేకు కాకుండా ట్యూబులో వచ్చే పేస్టు అయితే పసుపు భాస్వరం అయి ఉండవచ్చు. అది కాలేయాన్ని తినేస్తుంది, రెండు మూడు రోజులు పిల్లవాడు బాగానే ఆడుకుంటాడు. ఖాళీ ట్యూబు పట్టుకుని ఈ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి.